గెలిచిన ప్రతిసారీ

ముప్పై ఒక్క ఏళ్ళు
ఓటమి మాకు చౌకగానే దొరికింది.
నవంబరు చివరికి ఆటలు అయిపోయేవి.
ఆరిన్ తన తుప్పురంగు టోపీని
గరాజులో మేకుకి తగిలించేవాడు,
నేను ఫ్లాస్కు కడిగి బోర్లించేదాన్ని.
అంతే, మళ్ళీ సెప్టెంబరు దాకా
ఆశకి అద్దె కట్టే పనిలేదు.

ఈ ఏడు మా కాలేజీ పిల్లలు
ఓడిపోవడం మరిచిపోయారు.

మొదటి ప్లేఆఫ్ మా ఊళ్ళోనే, అయోవా చలిలో.
ఇరవై రెండో వరుస, తొమ్మిది, పది,
మేం కూర్చుని కూర్చుని నున్నబడిన బల్ల.
సీజన్ టికెట్ దీనికి చెల్లదట, వేరే కొనాలట.
రెండు సీట్లకీ కలిపి
స్కూలు బస్సు నడిపే ఆరిన్ వారం జీతం.
కింద చిన్న అక్షరాల్లో సర్వీసు చార్జి,
దాని కింద ఇంకా చిన్న అక్షరాల్లో ఇంకోటి.
కొసరు అడిగేది కొనేవాళ్ళనుకున్నాను ఇన్నాళ్ళూ.

మంచు కురిసింది. గెలిచాం.
పదకొండో సీట్లో ఎప్పుడూ ఉండే డెల్ఫా ముసలమ్మ రాలేదు.
ఆమె జాగాలో కొత్త కోటు కుర్రాడొకడు
మా కాలేజీ పాట రాక
పెదాలు మాత్రం కదిపాడు.

రెండోది న్యూ ఆర్లీన్స్‌లో.
"విమానం మాట ఎత్తకు మార్లిస్" అన్నాడు.
పదిహేడు గంటలు పికప్ నడిపాడు.
దారంతా ఉడికించిన గుడ్లు, చల్లారిన కాఫీ.
హోటలు గది ధర చెబుతూ కౌంటర్లో పిల్ల
తనే తప్పు చేసినట్టు తల దించుకుంది.
ఊరి బయట లారీలాగే చోట ముడుచుకు పడుకున్నాం.
మర్నాడు పార్కింగుకి నూట నలభై డాలర్లు.
ఆ ఊళ్ళో మాకంటే మర్యాదగా
మా బండి ఉంది.

ఇరవై సెకన్లు మిగిలాయి. మేం రెండు పాయింట్లు ముందున్నాం,
బంతి వాళ్ళది, గీతకి బారెడు దూరం.
వాళ్ళ కుర్రాడి చేతుల్లోంచి
కోడిగుడ్డు బంతి జారింది.
మావాడు దాని మీద పడ్డాడు,
ఆకలిగొన్నవాడు రొట్టె మీద పడ్డట్టు.
స్టేడియంలో సగం చేతులు ఒక్కసారిగా పైకి లేచాయి.
ఆరిన్ చేయి
వెనక జేబు తడుముకుంది.
నేను చూశాను.
చూశానని అతనికీ తెలుసు.

తిరుగు దారిలో, ఆర్కాన్సాలో ఎక్కడో, చీకట్లో,
"ఆ బంతి జారకపోతే బాగుండనిపించింది,
ఒక్క క్షణం" అన్నాడు.
దొంగతనం ఒప్పుకున్నట్టు అన్నాడు.
తర్వాత మిస్సోరీ దాటేదాకా
వైపర్లే మాట్లాడాయి.

మూడోది అరిజోనా.
కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను.
టికెట్లు, పెట్రోలు, రెండు రాత్రులు.
పక్కనే, డిసెంబరు నుంచి దగ్గుతున్న
ఫర్నేసు మరమ్మతు అంకె.
రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి.
ఆరిన్ కాగితం చూసి, మడిచి,
ఉప్పుడబ్బా కింద పెట్టాడు. ఏమీ అనలేదు.

ఆట రాత్రి ఏడింటికి "పద" అన్నాడు.
టోపీ పెట్టుకున్నాడు. ఫ్లాస్కు నింపాను.
మా స్టేడియం గేటుకి గొలుసు, తాళం.
లోపల మా బల్ల మీద ఈపాటికి
జానెడు మంచు కూర్చుని ఉంటుంది.
పార్కింగులో బండి ఆపి రేడియో పెట్టాడు.
అప్పుడు చూశాం,
దీపాలార్పిన బండ్లు, పదో పన్నెండో,
దూరదూరంగా, ఒకరికొకరు కనపడనట్టు.
చివరి దాంట్లో ఊలు టోపీ.
డెల్ఫా.

ఎవరూ హారన్ కొట్టలేదు.
అద్దాలు మసకబారుతున్నాయి.
మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం, నాలుగు నిమిషాలుంది,
బంతి మనది.
గెలిస్తే ఆఖరాట మయామీలో.
ఆ ధర నేనింకా చూడలేదు.

ఆరిన్ రేడియో గొంతు పెంచాడు.
"గెలవండ్రా" అన్నాను,
ఈసారి పైకే.